లంబాడీ తప్ప వేరే భాష రాని ఒకటో తరగతి పిల్లలకు చదువు ఎలా మొదలుపెట్టాలి?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న ఏమిటో చెప్తాను. నాగర్‌కర్నూల్ టౌన్‌కు చెందిన ఒక మేడమ్‌కు అచ్చంపేట దాటాక ఒక తండా ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీగా, అంటే చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా పోస్టింగ్ వచ్చింది. ఒకటో తరగతిలో అందరూ లంబాడా పిల్లలే, ఇద్దరు మాత్రం పక్కనున్న చెంచు కాలనీ నుంచి వస్తారు. "తెలుగులో ఏం అడిగినా నా మొహం చూస్తూ కూర్చుంటున్నారు. ఏడాది మొదట్లో పెట్టే బేస్‌లైన్ టెస్ట్‌లో దాదాపు అందరికీ సున్నాలే. నాకు లంబాడీ ఒక్క ముక్క రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడమని తల్లిదండ్రులకు చెప్పాలా? పైగా మాది ఇంగ్లిష్ మీడియం. రేపు పెద్ద బడికి పోతే వీళ్లు అక్కడి పిల్లలతో ఎట్లా కలుస్తారు? చాలా టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

మేడమ్, నేను పాత మహబూబ్‌నగర్ జిల్లాలో అచ్చంపేట, బల్మూరు, అమ్రాబాద్ వైపు ఇరవై ఏళ్లకు పైగా ప్రాథమిక బడుల్లో పనిచేసి రిటైర్ అయ్యాను. అందులో ఎక్కువ కాలం తండాల్లోనే. లంబాడీ నా ఇంటి భాష కాదు, బడిలోనే నేర్చుకున్నాను. కాబట్టి మీరున్న చోటు నుంచే మాట్లాడుతున్నాను.

సూటిగా జవాబు ఇది. ఇంట్లో తెలుగు మాట్లాడమని తల్లిదండ్రులకు చెప్పకండి. ఇంటి భాషను ఇంట్లో ఉండనివ్వండి, బడిలోకి కూడా రానివ్వండి. మొదటి మూడు నాలుగు నెలలు అక్షరాల కోసం తొందరపడకుండా, లంబాడీ ఆసరాతో నోటి తెలుగు నేర్పండి. మాట వచ్చాక అక్షరం, అక్షరం కుదిరాక ఇంగ్లిష్ చదవడం, రాయడం. ఈ వరుస తప్పితే ఏమవుతుందో చాలా బడుల్లో చూశాను. పిల్ల ఐదో తరగతికి వస్తుంది, పాఠం గడగడా చదువుతుంది, "ఇందులో ఏముంది బిడ్డా?" అని అడిగితే తల దించుకుంటుంది.

ఇప్పుడు ఎందుకో, ఎలాగో చెప్తాను.

ముందు ఆ సున్నాల సంగతి. మీరు టెస్ట్ తెలుగులో పెట్టారు. పిల్లవాడికి లెక్క రాలేదా, మీ ప్రశ్న అర్థం కాలేదా అన్నది ఆ సున్నా చెప్పదు. ఒక బడిలో ఒకటో తరగతి బాబును "నీ దగ్గర ఐదు రాళ్లున్నాయి, రెండు పోయాయి, ఎన్ని మిగిలాయి?" అని అడిగితే గోడకు ఆనుకుని నిలబడి పలకలేదు. మధ్యాహ్నం వంట చేసే అమ్మను పిలిచి అదే ప్రశ్న లంబాడీలో అడిగించాను. రాళ్లు కూడా చూపించలేదు. వెంటనే "తీన్" అన్నాడు. అంతటితో ఆగకుండా, ఆ రెండు రాళ్లు ఎవరు తీసుకుపోయారని ఆమెనే తిరిగి అడిగాడు. తీసివేత వచ్చిన పిల్లవాడు, ప్రశ్న వేయడం కూడా వచ్చిన పిల్లవాడు, రిజిస్టర్‌లో మాత్రం సున్నా. మీరు కూడా బేస్‌లైన్‌ను ఇంకోసారి నోటితో, లంబాడీలో పెట్టించండి. రికార్డులో ఏది ఎక్కించాలో అది ఎక్కించండి, మీ సొంత నోట్‌బుక్‌లో మాత్రం ఈ రెండో ఫలితం రాసుకోండి. ఏ పిల్లకు ఏం కావాలో అది చెబుతుంది. పిల్లలు మొద్దు అన్న అనుమానం కూడా ఆ రోజే పోతుంది.

లంబాడీ మీకు రాకపోవడం పెద్ద అడ్డంకి కాదు. నలభై యాభై మాటలు వస్తే తరగతి నడుస్తుంది. నేర్పేవాళ్లు బడిలోనే ఉన్నారు: వంట చేసే అమ్మ, అంగన్వాడీ ఆయా, నాలుగో తరగతి ఆడపిల్లలు. ఒకటి నుంచి పది వరకు ఏక్, దీ, తీన్ అంటూ పిల్లల చేతే చెప్పించుకోండి. రమ్మనడానికి ఆవ్, కూర్చోమనడానికి బేస్, నీళ్లకు పాణి, అమ్మకు యాడి. ఇట్లా మొదలుపెట్టి తెలుగు లిపిలోనే ఒక చార్ట్ మీద రాసి గోడకు పెట్టండి. మీరు పలికేటప్పుడు పిల్లలు నవ్వుతారు, సరిచేస్తారు. నవ్వనివ్వండి. టీచర్‌కు తాము నేర్పుతున్నామని తెలిసిన రోజు నుంచి వాళ్ల నోళ్లు తెరుచుకుంటాయి. తండాలో కూడా మాట పాకిపోతుంది: కొత్త మేడమ్ మన మాట నేర్చుకుంటున్నదట అని. ఆ తర్వాత తల్లిదండ్రుల మీటింగ్‌కు మీరు ఇద్దరు ముగ్గురి కోసం ఎదురు చూడక్కర్లేదు.

అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సిన మాటలు వేరే ఉన్నాయి. ఒంటికి వస్తోంది, కడుపు నొస్తోంది, దాహం అవుతోంది, ఎవరో కొట్టారు, ఇంటికి పోతా. ఈ ఐదూ లంబాడీలో ఎలా అంటారో మొదటి రోజే వంట అమ్మను అడిగి తెలుసుకోండి. ఒకటో తరగతి పాప బయటికి వెళ్లాలని ఏ భాషలో అడగాలో తెలియక బెంచీ మీదే తడుపుకుని, మిగతావాళ్లు చూశారన్న సిగ్గుతో వారం రోజులు బడికి రాకపోవడం తండా బడుల్లో మామూలుగా జరిగే విషయం. బడి మానేసిన పిల్లల జాబితాలో దీనికి గడి ఉండదు. "అనారోగ్యం" అనో "ఆసక్తి లేదు" అనో రాస్తాం. వాళ్ల మాటలో చెప్పినా మీకు అర్థమవుతుందన్న ధైర్యం మొదటి వారంలోనే ఇవ్వండి.

ఇక నోటి తెలుగు ఎలా నేర్పాలి? మీ దగ్గర బొమ్మల చార్ట్‌లు ఉంటాయి, పనికొస్తాయి. కానీ చార్ట్ చూపించి "ఇదేమిటి?" అంటూ పోతే పిల్లలకు పేర్లు వస్తాయి, వాక్యం రాదు. చేతులతో చేసే పని పెట్టండి. బిందె, గ్లాసు, చీపురు, సుద్దముక్క, నాలుగు రాళ్లు ముందు పెట్టుకుని "లే, గ్లాసు తీసుకో, నీళ్లు ముంచు, రాధకు ఇవ్వు" అని మీరు చెప్తూ చేసి చూపించండి. రెండు మూడు వారాలు వాళ్లు చేస్తే చాలు, మాట్లాడమని బలవంతం వద్దు. వినడం ముందు, పలకడం తర్వాత. నాలుగో వారానికి ఎవరో ఒకరు మీ స్థానంలో నిలబడి మిగతావాళ్లకు ఆర్డర్లు వేయడం మొదలుపెడతారు. అప్పుడు మీరు పక్కకు జరగండి.

ఇంకో మాట. మన పాలమూరు, నల్లగొండ ఊళ్ల తెలుగులో దవాఖాన, సడక్, బజారు, కుర్చీ, దర్వాజ లాంటి మాటలు ఎన్నో ఉన్నాయి. ఇవి తండా పిల్లలకు సంతలో, ఆటోలో, దుకాణంలో చెవిన పడ్డవే. పుస్తకంలో మాత్రం ఆసుపత్రి, రహదారి, తలుపు ఉంటాయి. అంటే పిల్ల లంబాడీ నుంచి మన ఊరి తెలుగుకు, అక్కడి నుంచి పుస్తకం తెలుగుకు, ఆ పైన ఇంగ్లిష్‌కు ఎక్కాలి. మనం మొదటి రోజే పుస్తకం మెట్టు మీద నిలబడి రమ్మని పిలుస్తాం. మీరు ఊరి తెలుగు మెట్టు దగ్గర నిలబడండి. "దవాఖాన" అన్న పిల్లను "ఆసుపత్రి అనాలి" అని ఆపకండి. రెండో తరగతిలో ఆ మాట దానంతట అది వస్తుంది.

సౌకర్యం ఏమిటంటే, వాక్యం కట్టే పద్ధతి లంబాడీలోనూ మనలాగే ఉంటుంది, క్రియ చివర వస్తుంది. కాబట్టి మాటలు వస్తే వాక్యం త్వరగా కుదురుతుంది. తప్పులు వచ్చేది ఇంకో చోట. "అమ్మ వచ్చిండు" అంటారు. లంబాడీలో వస్తువులకు కూడా ఆడ, మగ తేడా ఉంటుంది. తెలుగులో ఆడమనిషికీ బల్లకూ ఒకే "పడింది". ఇది పిల్ల బుర్రకు నిజంగానే తికమక. అలాంటప్పుడు "తప్పు" అనకండి. "ఓహో, అమ్మ వచ్చిందా? ఎప్పుడు వచ్చింది?" అని సరైన రూపం మీ మాటలో వినిపించి ముందుకు సాగండి. నెలలు పడుతుంది, పడనివ్వండి. అట్లాగే పిల్లవాడు మిమ్మల్ని "నువ్వు" అంటే మర్యాద తెలియదని కోపం తెచ్చుకోకండి. మన పల్లెల్లో తెలుగు పిల్లలే సార్లను నువ్వు అంటారు, వీళ్లను మాత్రం ఆ మాటకు తిట్టడం చూశాను. నాకు బాధ కలిగించిన విషయాల్లో అదొకటి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రతి వాక్యాన్నీ లంబాడీలోకి మార్చి చెప్పకండి, పెద్ద పిల్లల చేత కూడా చెప్పించకండి. అట్లా చేస్తే పిల్లలు తెలుగు వినడం మానేసి, ఆ తర్వాత వచ్చే లంబాడీ కోసం కాచుకుని కూర్చుంటారు. నేను పాటించిన పద్ధతి ఇది: పాఠం మొదలుపెట్టే ముందు అయిదు నిమిషాలు, ఇవాళ దేని గురించి మాట్లాడబోతున్నామో లంబాడీలో చెప్పించేవాణ్ణి. పాఠం అంతా తెలుగులో, బొమ్మలతో, సైగలతో. చివర్లో మళ్లీ అయిదు నిమిషాలు, ఏం అర్థమైందో వాళ్లను లంబాడీలో చెప్పమనేవాణ్ణి. మొదటి అయిదు నిమిషాల వల్ల భయం పోతుంది, చివరి అయిదు నిమిషాల వల్ల మన బోధన ఎంతవరకు చేరిందో తెలుస్తుంది. నాలుగో తరగతి పిల్లను రోజంతా మీ పక్కన దుబాసీలా నిలబెడితే ఆ పిల్ల చదువు పోతుంది, అది అన్యాయం.

శ్రావణంలో లంబాడాల పండగ తీజ్ వస్తుంది, బడులు తెరిచిన రెండో మూడో నెలలో. మీకు దీన్ని మించిన పాఠం దొరకదు. పెళ్లి కాని ఆడపిల్లలు బుట్టల్లో మన్ను పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాటలు పాడతారు. మీ ఒకటో తరగతి పిల్లల అక్కలే ఆ పని చేస్తుంటారు. బడిలో కూడా ఒక చిన్న బుట్ట పెట్టండి. మొదటి రోజు మన్ను, గింజ, బుట్ట, నీళ్లు. మూడో రోజు నాని ఉబ్బిన గింజను చేతిలో పెట్టి చూపించండి, తెల్లటి వేరు బయటికి వచ్చి ఉంటుంది. ఆ తర్వాత మొలక. స్కేలుతో ఎంత పెరిగిందో కొలిచి గోడ మీద గీత గీయండి. ఒక బడిలో ఒక పాప రోజూ వచ్చీ రాగానే సంచీ కూడా దించకుండా బుట్ట దగ్గరికి పోయి, వేలితో మొలకల తలల మీద నిమిరి, "ఇయ్యాల పెద్దగైంది" అని నాకు చెప్పేది. ఆ పాప నోట బడిలో నేను విన్న మొదటి తెలుగు వాక్యం అదే. తనకు బాగా తెలిసిన విషయం కాబట్టి చెప్పాలన్న ఆరాటం ఉంది, ఆరాటం ఉంది కాబట్టి మాట వచ్చింది. ఆ బుట్టలో తెలుగు ఉంది, పరిసరాల విజ్ఞానం ఉంది, కొలతలు ఉన్నాయి, తొమ్మిది వరకు లెక్క ఉంది. పైగా తమ పండగ బడిలో పాఠమైందని తండా మొత్తానికి తెలుస్తుంది. ఫిబ్రవరి 15న వచ్చే, లంబాడాల గురువు సేవాలాల్ జయంతి కూడా ఇలాగే వాడుకోవచ్చు, ముసలివాళ్లను బడికి పిలవండి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన లదేణి కాలం సంగతులు వాళ్ల తాతల నుంచి విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. చెప్పింది లంబాడీలో విని, పిల్లలు మీకు తెలుగులో చెప్పాలి. వాళ్లకు తెలిసి మీకు తెలియని కథ అది. చెప్పడానికి నిజమైన అవసరం ఉంటుంది.

అక్షరాల దగ్గరికి వస్తే, లంబాడీకి సొంత లిపి లేదు, మన దగ్గర తెలుగు లిపిలోనే రాసుకుంటారు. ఇది మీకు మేలు. పిల్లకు తెలిసిన పాణి, ఘర్, యాడి లాంటి మాటలనే తెలుగు అక్షరాల్లో రాసి చదివించవచ్చు. శబ్దానికి, గీతకు సంబంధం ఏమిటో తెలిసిన మాటలో త్వరగా దొరుకుతుంది. తెలియని "ఉడుత", "ఈల"తో మొదలుపెడితే పిల్ల ఒకేసారి రెండు కొత్త విషయాలు మోయాలి. ఇంకో సంగతి కూడా గమనించండి. ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తు శబ్దాలు మన తెలుగు పిల్లల నోట పలకవు, భాషను బాష అంటారు. లంబాడీలో అవి రోజువారీ మాటల్లోనే ఉన్నాయి. ఘర్ అనే పిల్లకు గ, ఘ తేడా మీరు చెప్పక్కర్లేదు. వర్ణమాలలో ఒత్తు అక్షరాలు వచ్చిన రోజు మీ తరగతిని పక్క ఊరి తరగతి పక్కన నిలబెట్టి పలికించండి. ఎవరు ముందుంటారో ఆ పిల్లలే చూసుకుంటారు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టారు. గోండి, కోలామి, కోయలతో పాటు బంజారా, అంటే మన లంబాడీ కూడా అందులో ఉంది. ఆనాటి వాచకాలు మీ మండలంలో ఏ పాత బీరువాలోనైనా ఉన్నాయేమో, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో అడిగి చూడండి. దొరక్కపోతే పిల్లలు చెప్పిన కథలనే పెద్ద అక్షరాలతో డ్రాయింగ్ షీట్ల మీద రాసి కుట్టండి.

లెక్కల్లో నా సలహా: మొదటి రెండు నెలలు కూడిక, తీసివేత వాళ్ల అంకెల్లోనే చేయించండి. పది దాటాక తెలుగు పేర్లు కష్టం. పదకొండు, పన్నెండు, పంతొమ్మిది అన్న మాటల్లో పది ఎక్కడుందో వెతుక్కోవాలి. పుల్లల కట్టలతో పదులు, ఒకట్లు చూపించి ఆ తర్వాత పేరు పెట్టండి. లెక్క వచ్చిన పిల్లకు పేరు కొత్తదైనా భయం ఉండదు.

ఇంగ్లిష్ మీడియం గురించి. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా ఇస్తున్నారు. 2018లో వచ్చిన చట్టం ప్రకారం రాష్ట్రంలో ఏ బడిలోనైనా పదో తరగతి దాకా తెలుగు సబ్జెక్టు తప్పనిసరి. అంటే మీ పిల్లలకు రెండూ తప్పవు. నా అనుభవంలో ఇంగ్లిష్‌ను మొదటి సంవత్సరం పాటలకు, ఆటలకు, చిన్న చిన్న ఆదేశాలకు పరిమితం చేస్తే చాలు. రెండు పరాయి భాషలు ఒకేసారి అక్షరాలతో సహా మీద పడితే పిల్లలు రెండింటినీ కాపీ కొట్టడం నేర్చుకుంటారు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, చదవడం రాదు. తనిఖీకి వచ్చినవాళ్లు నోట్‌బుక్ చూసి సంతోషపడి వెళ్లిపోతారు.

ఎవరైనా అధికారి వచ్చి తరగతిలో లంబాడీ ఏమిటని అడిగితే మీకు ఆధారం ఉంది. భాషా పరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి వరకు అదే మాట అంటుంది. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో గిరిజనులు 32 లక్షలకు దగ్గరగా ఉన్నారు, అందులో సగానికి పైగా లంబాడాలే. మీ తరగతిలో మాట్లాడేది ఏ మూలనో పడి ఉన్న భాష కాదు.

తల్లిదండ్రుల దగ్గర మీకు ఎదురయ్యేది ఇంకో రకం ఒత్తిడి. "మేడమ్, లంబాడీ మాకే వచ్చు కదా, మీరు ఇంగ్లిష్ చెప్పండి" అంటారు. న్యాయమైన మాట, కొట్టిపారేయకండి. గురుకులంలో ఐదో తరగతి సీటు మీద వాళ్ల ఆశంతా ఉంటుంది. నాలుగో తరగతిలోనే ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు అన్నీ ఉంటాయి. ఆ పరీక్షకే ఈ దారిలో తీసుకెళ్తున్నానని చెప్పండి. ఇంట్లో తెలుగు మాట్లాడమని మనం చెప్తే ఏమవుతుందంటే, తెలుగు అంతంత మాత్రం వచ్చిన తల్లి పిల్లతో మాట్లాడటమే తగ్గిస్తుంది. తిండి, పని, తిట్టు తప్ప మిగతా మాటలు ఆగిపోతాయి. అవ్వ చెప్పే కథ ఆగిపోతుంది. పిల్ల బుర్ర పెరిగేది ఆ మాటల్లోనే. తల్లులకు నేను చెప్పింది ఒక్కటే: రాత్రి పడుకునే ముందు బడిలో ఏం జరిగిందో మీ మాటలో అడగండి, మీకు తెలిసిన కథ ఒకటి మీ మాటలో చెప్పండి. చదువురాని తల్లి కూడా చేయగల పని అది.

ఇప్పుడు మీ తరగతిలో ఉన్న ఆ ఇద్దరు చెంచు పిల్లలు. మీ ప్రశ్నలో ఒక్క మాట రాసి వదిలేశారు గానీ, నాకు ఎక్కువ ఆందోళన వాళ్ల గురించే. చెంచులు ఇంట్లో మాట్లాడేది తెలుగే, వాళ్ల యాసలో, అడవికి సంబంధించిన వాళ్ల మాటలతో. కాబట్టి లంబాడా పిల్లల కోసం నేను పైన చెప్పింది వాళ్లకు పనికిరాదు. అంతకంటే పెద్ద సమస్య, మీరు తరగతిలోకి లంబాడీని తెచ్చిన రోజు నుంచి ఆ ఇద్దరూ ఒంటరివాళ్లు అవుతారు. చుట్టూ అందరూ నవ్వుతుంటారు, ఎందుకో వీళ్లకు తెలియదు. దానికి నేను చేసింది చెప్తాను. తెలుగు ఆటలన్నింటికీ చెంచు పిల్లలను ముందు నిలబెట్టేవాణ్ణి. "గ్లాసు తీసుకో" అని చెప్పేది వాళ్లు, చేసేది మిగతావాళ్లు. తరగతిలో తెలుగు బాగా వచ్చినవాళ్లు ఎవరంటే అందరి వేలూ వాళ్ల వైపే చూపించేది. మధ్యాహ్నం భోజనానికి ఒక్కొక్కరినీ వేరే వేరే గుంపులో కూర్చోబెట్టకండి, ఆ ఇద్దరినీ విడదీస్తే మూగబోతారు. ఇద్దరినీ కలిపి ఇద్దరు ముగ్గురు స్నేహంగా ఉండే లంబాడా పిల్లల మధ్యలో వేయండి.

చెంచు పిల్లల అసలు సమస్య హాజరు. తేనె కాలంలో, గడ్డలు తవ్వే కాలంలో ఇల్లంతా కలిసి రోజుల తరబడి నల్లమలలోకి పోతారు. తిరిగి వచ్చిన రోజు "ఇన్ని రోజులు ఎక్కడ పోయినవ్?" అని నిలబెట్టి అడిగితే మర్నాడు రాడు. ఏం చూశావో చెప్పమని కూర్చోబెట్టి అడిగితే గంటసేపు చెప్తాడు: ఏ చెట్టు తొర్రలో తేనె, ఏ పిట్ట ఎట్లా కూసింది, ఎలుగు అడుగు ఎట్లా ఉంటుంది. అది రాసి ఆ రోజు పాఠం చేయండి. మన్ననూర్‌లో చెంచుల కోసం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది. పుస్తకాలు, బట్టలు, హాస్టల్ లాంటి అవసరాలకు అక్కడ అడగడానికి మొహమాట పడకండి.

మీ చివరి ప్రశ్న, పెద్ద బడి. తండా బడి నుంచి ఆరో తరగతికి ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్‌కు పోయిన పిల్లలు మొదటి రెండు నెలల్లోనే ఎక్కువగా మానేస్తారు. చదువు రాక కంటే, నవ్వుతారన్న భయంతో. "వచ్చిండు, వచ్చింది" తప్పుకు ఒకసారి క్లాసంతా నవ్వితే ఆ పిల్ల మళ్లీ ఏడాదంతా నోరు తెరవదు. ఐదో తరగతి చివర, వేసవి సెలవులకు ముందే, మీ పిల్లలను ఆ హైస్కూల్‌కు ఒక రోజు తీసుకెళ్లండి. అక్కడే భోజనం చేయనివ్వండి, బాత్రూమ్ ఎక్కడుందో, నీళ్లు ఎక్కడున్నాయో చూపించండి, మీ తండా నుంచే వెళ్లిన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను పరిచయం చేయించండి. క్లాస్ టీచర్‌తో ముందే మాట్లాడి, మొదటి వారంలో వీళ్లందరినీ ఒకే వెనక బెంచీలో కూర్చోబెట్టొద్దని చెప్పండి. చాలా చోట్ల అట్లాగే కూర్చోబెడతారు. కోరి చేయరు, పిల్లలే ఒకరినొకరు పట్టుకుని వెనక్కి పోతారు, టీచర్ పట్టించుకోరు. కులం పేరు పెట్టి పిలిచే అలవాటు ఎవరికైనా ఉంటే, పిల్లల్లో గానీ స్టాఫ్‌లో గానీ, హెడ్‌మాస్టర్‌తో గట్టిగానే మాట్లాడాలి. అక్కడ మెత్తగా ఉండకండి.

రిజిస్టర్‌లో పేర్లు కూడా దీని కిందికే వస్తాయి. తల్లి ఎట్లా పలుకుతుందో విని, ఆధార్‌లో ఎట్లా ఉందో చూసి, ఇంటి పేరుతో సహా ఒకే విధంగా రాయండి. నాయక్, రాథోడ్, పవార్, చౌహాన్, బాయి, ఒకే పిల్లకు మూడు చోట్ల మూడు రకాలుగా రాసిన రికార్డులు చూశాను. గురుకులం సీటు వచ్చాక కుల ధ్రువీకరణ పత్రం దగ్గర ఇవన్నీ అడ్డం వస్తాయి, తండ్రి పత్తి ఏరడం మానుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. ఈ వారమే సరిచూసుకోండి.

వలస గురించి మీరు అడగలేదు గానీ దసరా తర్వాత మీకే ఎదురవుతుంది. పత్తి ఏరే రోజుల్లో హాజరు పడిపోతుంది, కొందరు హైదరాబాద్‌కో, పుణె, ముంబైకో పనులకు పోతారు. పిల్లను అవ్వ దగ్గర వదిలిపెట్టి పొమ్మని ఒప్పించండి, లేదా వలస పోయినవాళ్ల పిల్లలకు సీజనల్ హాస్టల్ ఎక్కడైనా నడుస్తుందేమో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ముందే కనుక్కోండి. వెంట తీసుకుపోతామంటే ఆ పిల్ల వర్క్‌బుక్ చేతికిచ్చి పంపండి, వచ్చాక పేరు కొట్టేయకుండా అదే బెంచీలో కూర్చోబెట్టండి. ఇటుక బట్టీల దగ్గర ఒడిశా కూలీల పిల్లలు ఉన్న బడుల టీచర్లు కూడా ఇది చదువుతుంటే వాళ్లకు ఒక్క మాట: ఆ పిల్లలు వేసవి చివర్లో మళ్లీ తమ ఊళ్లకు, ఒడియా బడికే పోవాలి. వాళ్లకు నోటి తెలుగు చాలు. తెలుగు అక్షరాలు దిద్దించి ఒడియా అక్షరాలు మరిచిపోయేలా చేయకండి.

మేడమ్, ఆ ఇద్దరు చెంచు పిల్లలు వారంలో ఎన్ని రోజులు వస్తున్నారు, కాలనీ నుంచి నడిచి వస్తున్నారా, ఎవరైనా దింపుతున్నారా అన్నది రాయండి. దాన్ని బట్టి వాళ్లకు ఇంకేం చేయొచ్చో విడిగా చెప్తాను.